ఆర్. కె. లక్ష్మణ్ ‘సామాన్యుడు’: మౌనంలోని వ్యంగ్యం

1. ఉపోద్ఘాతం:
పత్రికలో అచ్చయ్యే వ్యంగ్యచిత్రానికి ఆయుష్షు సాధారణంగా ఒక్కరోజే. అటువంటి ప్రక్రియలో అర్ధశతాబ్దికి పైగా నిలిచిన పాత్ర ఆర్. కె. లక్ష్మణ్ సృష్టించిన ‘సామాన్యుడు’. అతడు మాట్లాడడు. ఆ మౌనమే వ్యంగ్యానికి ఎలా బలమైందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. జీవితం - వృత్తి:
లక్ష్మణ్ 1921 అక్టోబరు 24న మైసూరులో జన్మించారు. ప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు ఆర్. కె. నారాయణ్ ఆయన అన్న. అన్న కథలకు లక్ష్మణ్ ‘ది హిందూ’ పత్రికలో బొమ్మలు వేశారు. బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాల ఆయనకు ప్రవేశం నిరాకరించింది. మైసూరులోనే పట్టభద్రులై, బొంబాయిలో ‘ఫ్రీ ప్రెస్ జర్నల్’లో కొంతకాలం పనిచేసి, అనంతరం ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’లో చేరారు. ఆ పత్రికలో 1951లో ‘యూ సెడ్ ఇట్’ అనే చిన్న కార్టూన్ శీర్షిక ప్రారంభమైంది. ‘ఈనాడు’లో శ్రీధర్ గీసిన ‘ఇదీ సంగతి’ వల్ల ఈ పాకెట్ కార్టూన్ రూపం తెలుగు పాఠకులకు సుపరిచితమే. లక్ష్మణ్‌కు 1984లో రామన్ మెగసెసే పురస్కారం, 2005లో పద్మవిభూషణ్ లభించాయి. 2003లో పక్షవాతానికి గురైనా, కోలుకుని మళ్ళీ బొమ్మలు గీశారు. 2015 జనవరి 26న పుణేలో మరణించారు.

3. పాత్ర రూపకల్పన:
తొలిరోజుల్లో లక్ష్మణ్ వివిధ ప్రాంతాల వేషధారణలతో పలువురిని గీసి దేశప్రజలను సూచించేవారు. రోజువారీ గడువు అందుకు వీలు కల్పించలేదు. ఒక్కొక్కరినీ తగ్గించుకుంటూ రాగా చివరకు ఒక్కడు మిగిలాడు. గళ్ళకోటు, ధోవతి, కళ్ళద్దాలు, గుబురు మీసం, బట్టతల చుట్టూ నెరిసిన వెంట్రుకలు అతని గుర్తులు. పనిఒత్తిడి నుంచి పుట్టిన ఈ సంక్షిప్తతే పాత్రకు స్థిరరూపమిచ్చింది.

4. మౌనం చేసే పని:
మంత్రి గదిలోనూ, అధికారుల సమావేశంలోనూ, వీధిలోనూ సామాన్యుడు ఒక పక్కన నిలబడి ఉంటాడు. మాట్లాడేది ఇతరులు. నాయకుడు తన గొప్ప చెప్పుకుంటూనే తన లోపాన్ని బయటపెట్టుకుంటాడు. ‘ఆ మాట అన్నది మీరే’ అనే ధ్వని శీర్షికలోనే ఉంది. సామాన్యుడు నోరువిప్పితే ఏదో ఒక పక్షానికి ప్రతినిధి అవుతాడు. అతడు మౌనంగా ఉన్నందువల్ల తీర్పు చెప్పే బాధ్యత పాఠకునిపై పడుతుంది.

అయితే ఈ పాత్రకు పరిమితి లేకపోలేదు. కోటు తొడిగిన మధ్యతరగతి పురుషుడు రైతుకూలీకి, శ్రామిక స్త్రీకి ఎంతవరకు ప్రతినిధి కాగలడనేది ఆలోచించవలసిన విషయం. అన్నీ చూస్తూ ఏమీ అనని సాక్షి నిస్సహాయతను అలవాటు చేస్తాడనే విమర్శకూ ఇక్కడ అవకాశముంది.

5. ముగింపు:
లక్ష్మణ్ చిత్రాల్లో సామాన్యుడు ఎదిరించడు, అంగీకరించడు, కేవలం చూస్తాడు. అధికారంలో ఉన్నవారి మాటను ఎవరో ఒకరు గమనిస్తున్నారన్న స్పృహను అతని ఉనికి నిలిపి ఉంచింది. ఆ మాటకు బదులు చెప్పడం పౌరుడైన పాఠకుని పని.