గీత కరిగితేనే కొండ కనిపిస్తుంది

హోసూరు, కృష్ణగిరి బండకొండల్ని కాగితం మీదికి తేవాలంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. బడిపిల్లల సిరా పెన్ను, ఒక కుంచె, గ్లాసెడు నీళ్ళు, నాలుగు రంగుబిళ్ళలు చాలు. నీళ్ళు తగలగానే చెదిరిపోయే సిరాతో బొమ్మేమిటన్నది చాలామంది సందేహం. ఈ కొండల విషయంలో ఆ చెదరడమే కావాలి.

శూలగిరి దాటి కృష్ణగిరి వైపు దిగేటప్పుడు దారికి అటూ ఇటూ లేచే బండకొండల్ని కాస్త నిదానంగా చూడండి. దూరం నుంచి ఆకాశానికీ కొండకూ మధ్య ఎవరో గీత గీసినట్టే ఉంటుంది. దగ్గరికి పోయేకొద్దీ ఆ గీత జారిపోతుంది. గుండ్రంగా అరిగిన బండ ఎక్కడ వెలుతురులోంచి నీడలోకి తిరిగిందో వేలు పెట్టి చూపలేం. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి ఇది. ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా పైపొరలు ఊడి ఊడి ఆ నునుపు తేలింది. దాని మీద వాననీళ్ళు జారే దారుల్లో కంటికి ఆనని నాచు పెరిగి, ఎండాకాలానికి నల్లబడుతుంది. బండ నెత్తిన చిక్కగా మొదలై కిందికి వచ్చేకొద్దీ పలచబడే ఆ చారల్ని చూస్తే, సిరా ఒలికిన చోట ఎవరో నీళ్ళు చిలకరించారా అనిపిస్తుంది. ముందు చుట్టూ గీత గీసి, తర్వాత లోపల రంగు నింపడమనే బడి అలవాటు ఇలాంటి కొండ దగ్గర ఓడిపోతుంది. గీత గట్టిగా నిలిచేకొద్దీ కొండ అట్టముక్కలా కనిపిస్తుంది. గీతే కరిగి నీడగా మారితే మాత్రం రాయికి బరువొస్తుంది. ఈ నేలను చూడటం నేర్చుకోవడానికి నీళ్ళకు కరిగే సిరా, దాని మీద పలచని నీటిరంగు అన్నిటికన్నా తగిన సాధనాలని చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

ఏ సిరా కరుగుతుంది?

అన్ని సిరాలూ కరగవు. బాల్‌పెన్నులోది నూనె సిరా, నీళ్ళను లెక్కచేయదు. డ్రాయింగ్ ఇంకులో మసి, దాన్ని పట్టి ఉంచే లక్క ఉంటాయి. ఒకసారి ఆరితే కుంచెతో ఎంత రుద్దినా కదలదు. పాతకాలంలో కరక్కాయల కషాయంలో అన్నభేది కలిపి కాచిన సిరా గాలి తగిలి నల్లబడి కాగితంలోకి దిగిపోయేది. మామూలు ఫౌంటెన్ పెన్ను సిరా తీరు వేరు. అది నీళ్ళలో కరిగిన అద్దకపు రంగు. కాగితం మీద ఎండినా మళ్ళీ తడి తగిలితే లేస్తుంది. పరీక్షలకు పిల్లలు కొనుక్కునే పైలట్ వి5 తరహా పెన్నుల సిరా కూడా ఈ కోవలోదే. స్వదేశీ ఉద్యమ కాలంలో రాజమండ్రిలో పుట్టిన రత్నం పెన్నులో పోసుకున్నా, అంగట్లో దొరికే ఏ పెన్నులో పోసుకున్నా ఈ సిరా పనితీరు ఒకటే. ఇంకో విశేషం, చాలా నల్లసిరాలు అచ్చమైన నలుపు కావు. రెండు మూడు రంగుల కలగలుపు. తడి కాగితం మీద ఒక్కో రంగు ఒక్కో వేగంతో నడుస్తుంది కాబట్టి నల్లగీత అంచుల్లో నీలమో ఊదానో విడివడి వస్తుంది. సైన్సు ప్రయోగశాలలో వడపోత కాగితం మీద సిరాచుక్క పెట్టి క్రొమటోగ్రఫీ అని నేర్పేది దీన్నే. బండ నీడలో కనిపించే చల్లని నీలిబూడిద రంగు కోసం పెట్టె వెతకక్కర్లేదు, పెన్నులోనే ఉంది.

కోటల వెంట వచ్చిన కుంచె

ఈ పద్ధతికీ ఈ నేలకూ పాత చుట్టరికం ఉంది. మూడో మైసూరు యుద్ధంలో, 1791 జులైలో, ఇంగ్లీషు సేనలు హోసూరునూ రాయకోటనూ పట్టుకున్నాయి. అదే ఏడు నవంబరులో దాడి చేసినా కృష్ణగిరి పైకోట వాళ్ళకు లొంగలేదు. 1792 మార్చిలో శ్రీరంగపట్నం సంధితో కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమ మొత్తం ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళింది. తర్వాతి నెలలోనే ఇంగ్లీషు చిత్రకారుడు థామస్ డానియెల్, సోదరుడి కొడుకు విలియంతో కలిసి, మద్రాసు నుంచి ఆ యుద్ధం నడిచిన దారి పట్టాడు. రాయకోట, వీరభద్రదుర్గం, జగదేవి కొండకోటలు వాళ్ళ కాగితాల మీదికి అలా ఎక్కాయి. 1795 నుంచి 1808 వరకు లండన్‌లో ఆరు భాగాలుగా, 144 ఫలకాలతో వెలువడిన ‘ఓరియంటల్ సీనరీ’లో చేరాయి. ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ సేన వెంట తిరిగిన చిత్రకారుడు రాబర్ట్ హోమ్ మైసూరు దృశ్యాల పుస్తకం అంతకు ముందే 1794లో అచ్చయింది.

ఇక్కడ గమనించాల్సింది వాళ్ళు గీసిన వరస. ఆ కాలపు ఇంగ్లీషు పద్ధతిలో ముందు సన్నని గీత, దాని మీద బూడిదరంగు పూతతో నీడలన్నీ, ఆఖరున అక్కడక్కడ పలచని రంగు. వెలుగు నీడల లెక్క తేలాకే రంగుకు చోటు. ఉలిచ్ సైనిక విద్యాలయంలో 1768 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు డ్రాయింగ్ నేర్పిన పాల్ శాండ్‌బీ ఈ పద్ధతిలో ఆరితేరినవాడు. ఫిరంగిదళం కుర్రాళ్ళకు కొండనూ కోటగోడనూ చూసి గీయడం చదువులో భాగం. ఆక్వాటింట్ అనే అచ్చువిధానాన్ని 1775లో ఇంగ్లండులో ప్రచారంలోకి తెచ్చినవాడూ ఆయనే. రాగిరేకు మీద రజనం పొడి చల్లి, ఆమ్లంతో తినిపించి, సిరాపూతలాంటి నీడను అచ్చులో రప్పించే విద్య అది. డానియెల్ ఫలకాలు అచ్చయింది అలాగే. తర్వాత చేత్తో నీటిరంగులు అద్దారు. గీత, నీడ, రంగు అని వాళ్ళు మూడు అంచెల్లో చేసిన పనిలో మొదటి రెండింటినీ కరిగే సిరా ఒక్క దెబ్బతో చేస్తుంది. గీసిన గీతే తడిస్తే నీడ అవుతుంది.

ఇక్కడే నిపుణులు అడ్డు తగులుతారు. శాండ్‌బీ గీత గీసిన చోటే ఉంటుంది, పూత దాన్ని కదిలించదు. కరిగే సిరాలో గీతా పోయె, పూతా చేతిలో లేకపోయె, ఇది విద్యా లేక కాకతాళీయమా అని. సూటైన ప్రశ్నే. జవాబు కోసం రాయకోట కొండనే గీయబోతున్నామనుకుందాం. వేళ పొద్దున, ఎండ ఎడమ నుంచి. పెన్నుతో కొండ చుట్టూ గీత కలపకూడదు. ఎండపడే ఎడమవైపు నాలుగు తెగిన గీతలు పెట్టి వదిలేయాలి. కుడివైపు, బండ వంగి నీడలోకి పోయే చోట మాత్రం దగ్గర దగ్గరగా గీతలు వేయాలి, పగుళ్ళ దగ్గర ఇంకాస్త ఒత్తి. తర్వాత మంచినీళ్ళలో ముంచి పిండిన కుంచెను గీతల పక్కనున్న తెల్లకాగితం మీద మొదలుపెట్టి గీతలోకి ఒక్కసారి లాగి ఎత్తేయాలి. నీడ ఎంత ముదురుగా వస్తుందన్నది అక్కడ ఎంత సిరా పెట్టామన్న దాన్ని బట్టి, ఎంత దూరం పాకుతుందన్నది కుంచెలో ఎన్ని నీళ్ళున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అంటే పగ్గం పోలేదు, ముందుకు జరిగింది. కుంచె పట్టాక చూపాల్సిన నిగ్రహం పెన్ను పట్టినప్పుడే చూపాలి. పూర్తిగా ఆరాక పసుపు కావిరంగు నీళ్ళలా పలచగా కలిపి, రుద్దకుండా ఒక్క పూతతో దాటించాలి. రెండోసారి రుద్దితే అడుగునున్న నీలం లేచి పసుపులో కలిసి పాచిరంగు తేలుతుంది. గాలినీ లెక్కలో వేసుకోవాలి. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరు చలిపొద్దుల్లో తడి చాలాసేపు నిలిచి సిరా దూరం పాకుతుంది. కింద కృష్ణగిరి వేసవిలో కుంచె ఎత్తేలోపే ఆరి గట్టి అంచు కడుతుంది. ఇవన్నీ తెలిసి చేసేదాన్ని కాకతాళీయం అనలేం.

మనది రేఖ కదా?

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మన ఇంట్లోంచే వస్తుంది. తెలుగువాళ్ళ బొమ్మకు ప్రాణం రేఖ. లేపాక్షి పైకప్పు చిత్రాల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది నల్లని హద్దుగీత. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టేది నలుపు పట్టడానికీ, గీత పాకకుండా ఆగడానికీ. ఇనుపముక్కల్ని బెల్లపు నీళ్ళలో ఊరబెట్టిన ద్రావణంతో వెదురు కలం గీసిన గీత ఆ కరక్కాయతో కలిసి నల్లబడి, ఏటినీళ్ళలో ఉతికినా పోదు. ఆధునిక కాలంలో బాపు పేరు చెప్పగానే గుర్తొచ్చేదీ గీతే. గీత చెదరకూడదని వందల ఏళ్ళు ఇంత పాటుపడ్డ జాతికి చెదిరే గీత నేర్పడమేమిటి? ఆ సంప్రదాయం గీసిందేమిటో చూస్తే జవాబు అందులోనే ఉంది. దేవుళ్ళు, రాణులు, మునులు, కథలో మనుషులు. మనిషికి ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీత చెప్పగలదు. కథకు ఆ స్పష్టతే కావాలి. ఎవరి కథా కాని ఒట్టి కొండను, దాని మీది వెలుతురును గీయాల్సి వచ్చినప్పుడు మనవాళ్ళూ నీళ్ళనే ఆశ్రయించారు. రాజమండ్రిలో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో పైకొచ్చిన దామెర్ల రామారావు (1897-1925) నీటిరంగుల్లో ప్రకృతిని పట్టుకున్నాడు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ 1903లో వచ్చిన జపాను చిత్రకారుల్ని చూసి మలుచుకున్న, పలచని పూతల వాష్ పద్ధతి, ఆయన శిష్యుడు ప్రమోద్ కుమార్ చటర్జీ వెంట 1920ల్లో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరింది. కాబట్టి రేఖ, వాష్ రెండూ మన ఇంటివే. కరిగే సిరా ఆ రెండింటికీ వియ్యం కలుపుతుంది.

రంగు వెలిసిపోదా?

వెలుస్తుంది. అద్దకపు సిరా ఎండకు ఆగదు. గోడకు తగిలిస్తే కొన్నేళ్ళలో నీడలు పాలిపోతాయి. అమ్మకానికి బొమ్మలు వేసేవారు ఈ సిరాకు దూరంగా ఉండటం న్యాయమే. కానీ ఏది ఎంతకాలం నిలుస్తుందన్నది రంగు ఒక్కదాని మీదే ఆధారపడదు. కృష్ణగిరి జిల్లాలోనే బర్గూరు దగ్గర మల్లపాడిలో, 1970ల చివర వెలుగులోకి వచ్చిన గుహచిత్రాల్లో తెల్లరంగుతో గీసిన గుర్రపు రౌతులున్నారు. మల్లచంద్రంలో పాండవగుళ్ళు అని పిలిచే పాతకాలపు సమాధుల రాతిపలకల మీదా తెల్లబొమ్మలున్నాయి. పొడిరంగు కావడం ఒక కారణం. పైన బండ గొడుగుపట్టి వానను రానీయకపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఆరుబయట బండ మీద అదే తెల్లరంగు ఎన్ని వానలకు ఆగేది? మ్యూజియాలు చేసేదీ ఈ బండగొడుగు పనే. నీటిరంగు చిత్రాలున్న గదుల్లో వెలుతురును 50 లక్సులకు మించనీయరు. ఎడిన్‌బరోలోని జాతీయ చిత్రశాల తనకు 1900లో దక్కిన ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ నీటిరంగుల్ని, దాత పెట్టిన షరతు ప్రకారం, వెలుతురు తక్కువగా ఉండే జనవరిలో మాత్రమే బయటపెడుతుంది. మూసిపెట్టిన నోటుపుస్తకం కూడా అలాంటి నీడే. చూసి నేర్చుకోవడానికి వేసిన బొమ్మకు అంతకన్నా పెద్ద చోటు అక్కర్లేదు.

తడి గీత, పొడి గీత

మిగిలినవి రెండు ప్రశ్నలు. గెలిచినవాళ్ళు తాము గెలిచిన కోటల్ని గీసుకున్న పద్ధతిని మనమెందుకు పట్టుకోవాలన్నది ఒకటి. చేతిలో ఫోను ఉండగా ఈ ప్రయాసెందుకన్నది ఇంకొకటి. డానియెల్ చిత్రాల్లో కొండా కోటా ముందుంటాయి. అక్కడ పొలం దున్నేవాడు, ఏ భాషలో మాట్లాడేవాడో తెలియని చిన్న చుక్క. ఆ చూపు మనది కాదు, నిజమే. అయితే చూపు వాళ్ళదైతే కుంచె మానేయాలా? వాళ్ళు వదిలేసినదాన్ని గీయవచ్చు. తెలుగు, కన్నడం, తమిళం ఒకే అంగట్లో వినిపించే మొరసునాడు, గులాబీ తోటల మీద పరిచిన పందిరి పట్టాలు, సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీల రేకులకప్పు, కెలవరపల్లి జలాశయం నుంచి నీళ్ళు వదిలినప్పుడు దక్షిణ పినాకిని మీద కాలుష్యంతో గుట్టలుగా లేచే తెల్లనురగ. ఆ నురగకు రంగే అక్కర్లేదు, కాగితాన్ని ముట్టకుండా వదిలేయడమే బొమ్మ. అది అందంగా వస్తే ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది కూడా బొమ్మ చెప్పాల్సిందే.

ఫోను మాత్రం ఈ ఎంపిక చేయదు. అది కొండ చరియనూ గ్రానైటు క్వారీ కోతనూ ఒకే శ్రద్ధతో పట్టుకుంటుంది. పెన్ను పట్టినవాడికి తేడా తెలియక తప్పదు. వజ్రపుతీగ రంపం కోసిన చోట రాయికి మొదటిసారి నిజమైన అంచు వచ్చింది: నిలువుగా, నున్నగా, కొలబద్ద పెట్టినట్టు. వరసగా వేసిన డ్రిల్లు రంధ్రాల సగాలు గాడిచారలై నిలిచి ఉంటాయి. అక్కడ వాననీటి నల్లచార లేదు, నెమ్మదిగా తిరిగే నీడ లేదు. ఆ కోతను గీసేటప్పుడు కుంచెకు పని లేదు. గీతను గీసినట్టే పొడిగా వదిలేయాలి. పక్కనే మిగిలిన పాత బండ మీద మాత్రం కుంచె నడిపించాలి. ఒకే పెన్ను, ఒకే సిరా. ఒకవైపు కరిగిన గీత, ఇంకోవైపు కరగని గీత. కృష్ణగిరి కొండల్లో ఎంత మిగిలిందో, ఎంత పోయిందో ఆ కాగితం మీద కొలత వేసినట్టు కనిపిస్తుంది.