దీవెనకును వివాహమునకును నడుమ

ఇంగ్లండు దేశమున ఊరి చర్చిలో పెండ్లి జరిపించు పురోహితుడు ఒకే గడియలో రెండుద్యోగములు నెరవేర్చును. దైవసన్నిధిని వధూవరులను జతపరచుట యొకటి. రాజ్యము తరఫున వారిని చట్టరీత్యా దంపతులను గావించుట రెండవది. ఆ చర్చి పరిధిలో కాపురమున్నవారు, ప్రతి ఆదివారము వచ్చువారైనను ఎన్నడును గడప త్రొక్కనివారైనను, తమ పెండ్లి అక్కడ జరిపింపుడని అడుగుటకు హక్కు గలవారు. దేశమునేలు రాజే ఆ సంఘమునకు పాలనాధిపతి. 26 మంది బిషప్పులు ప్రభువుల సభలో ఆసీనులై శాసననిర్మాణమున పాల్గొందురు. సంఘపు నిబంధనలు సైతము దేశపు న్యాయములో భాగమే. ఇట్లు రెండు పురులుగా పేనిన త్రాడులో ఒక పురి తూర్పునకును ఒక పురి పడమరకును లాగినచో ఏమగునో ఎరుగదలచినవారు, స్వలింగ వివాహమును గూర్చి ఆంగ్లికన్ సంఘమున నడచిన వివాదమును పరికింపవలెను.

ఆ పురులు తొలిసారి విడివడినది స్త్రీపురుషుల పెండ్లి విషయముననే. భార్య గతించినవాడు ఆమె చెల్లెలిని పెండ్లాడుట చెల్లదని 1835 నాటి శాసనము నిర్ణయించెను. మన తెలుగిండ్లలో ఇల్లాలు పసిబిడ్డలను విడిచి కన్నుమూసినచో ఆమె చెల్లెలినే ఆ యింటికి పంపుట ఎరుగనివారెవరు? బిడ్డలకు సవతితల్లి గాక పినతల్లియే తల్లియయ్యెనని పెద్దలు సంతోషింతురు. ఆంగ్లేయులకు మాత్రము అది వావి తప్పిన పని. ఆలుమగలు ఏకశరీరమగుదురు గనుక ఆలి చెల్లెలు మగనికిని చెల్లెలే యని వారి వాదము. డెబ్బది యేండ్లకు పైగా వాదోపవాదములు నడచిన పిమ్మట 1907లో పార్లమెంటు ఆ నిషేధమును తొలగించెను. కాని ఇష్టము లేని పురోహితుడు అట్టి పెండ్లి జరిపింపనక్కరలేదని అందొక మినహాయింపు చేర్చెను. అంతటితో గొడవ అణగలేదు. అట్లు పెండ్లాడిన దంపతులను ఒక పురోహితుడు ప్రభువు బల్ల యొద్దకు రానీయడయ్యెను. వ్యాజ్యము ప్రభువుల సభ వరకు పోయెను. చట్టము ఒప్పుకొన్న దంపతులను, ఆ పెండ్లి చేసికొనిన కారణము చేతనే దుర్మార్గవర్తనులని బల్లకు దూరము చేయరాదని 1912లో తీర్పు వచ్చెను. పెండ్లి జరిపింపక పోవచ్చును, పంక్తి నుండి లేపరాదు: నూరేండ్ల తరువాతి చిక్కునకు నమూనా ఇదియే.

స్వలింగానురాగమును శిక్షాస్మృతి నుండి తప్పించుటలో ఆ సంఘము పాత్ర చిన్నది కాదు; ఈ సంగతి ఇరుపక్షముల వారును తరచుగా మరతురు. సంఘపు నైతిక సంక్షేమ మండలిలో పనిచేసిన డెరిక్ షెర్విన్ బెయిలీ 1955లో వెలువరించిన గ్రంథమున, సొదొమ పట్టణము చేసిన పాపము అతిథిద్రోహమే గాని మరియొకటి కాదని వాదించెను. ఉల్ఫెండెన్ సంఘము 1957లో తన నివేదిక సమర్పించినపుడు ఆర్చిబిషప్పు ఫిషరు, పాపము వేరు, నేరము వేరు అను భేదమును సమర్థించెను. ఆయన తరువాత వచ్చిన ర్యామ్సే ప్రభువుల సభలో శిక్షారద్దును బలపరచెను. 1967లో శాసనము మారెను. పాపమని నమ్ముచునే అది చెరసాలకు తగిన నేరము కాదనుట ధైర్యము గల మాట. ఐనను రాజ్యము దండించుట మానినంత వరకే ఆ భేదము అక్కరకు వచ్చెను. రాజ్యము గౌరవింప మొదలిడినపుడు ఏమి చెప్పవలెనో దానియందు లేదు.

ఆ దినము 2005 డిశంబరులో వచ్చెను. అంతకు ముందటి యేడు చేసిన పౌర భాగస్వామ్య శాసనము అప్పుడు అమలు జరిగెను. దానిని రచించినవారు పెండ్లి వాసన సోకకుండ జాగ్రత్త పడిరి. పెండ్లిలో నోట పలికిన మాట బంధము కలిగించును. ఇందులో కాగితముపై చేవ్రాలు పడిన క్షణముననే బంధము ఏర్పడును. ప్రార్థన కూడదు, వేదపఠనము కూడదు, మొదటి కొన్నేండ్లు ప్రార్థనామందిరములో జరుపుకొనుటయే కూడదు. అట్లయిన చిరకాలము కలసి కాపురమున్న అక్కచెల్లెండ్రకును ఈ హక్కు లీయరాదా యని ప్రభువుల సభలో ఒక సవరణ నెగ్గెను. కామన్సు సభ దానిని త్రోసివేసెను. బిషప్పులు 2005 జులైలో తమ నిర్ణయము ప్రకటించిరి. పౌర భాగస్వామ్యము వివాహము కాదు గనుక పురోహితులును అందు చేరవచ్చును, కాని బ్రహ్మచర్యము పాటింపవలెను. ఆ హామీ బిషప్పు స్వయముగా పుచ్చుకొనవలెనట! నలువది యేండ్లు దైవసేవ చేసిన వృద్ధుని ముందర కూర్చుండబెట్టుకొని మరియొక వృద్ధుడు ఈ ప్రశ్న వేయుటలో ఉభయులకును గల సంకోచమును ఊహించుకొనవచ్చును.

2012లో ప్రభుత్వము వివాహమునే స్వలింగ దంపతులకు విస్తరింపదలచి, మతవివాహము జోలికి పోము, పౌరవివాహమును మాత్రమే మార్తుమని చెప్పెను. సంఘము దానికి ఘాటుగా బదులు చెప్పెను. వివాహ మొక్కటే, జరుపు తంతులు మాత్రమే రెండు, తంతును చూచి వస్తువు రెండనుట పొరపాటని దాని వాదము. తర్కమున ఆ వాదము బలమైనది. పాశ్చాత్య సంప్రదాయమున వధూవరుల పరస్పర సమ్మతియే వివాహము. పురోహితుడు సాక్షి మాత్రుడు. కచ్చేరీలో పెండ్లాడివచ్చిన స్త్రీపురుషులకు సంఘమెన్నడును మరల పెండ్లి చేయలేదు. ఐనను 2013లో శాసనము నెగ్గెను. పౌరులకు గల పాత హక్కును బట్టి ప్రతి పురోహితుడును ఈ పెండ్లిండ్లు చేయవలసివచ్చునేమో యని, ఇంగ్లండు, వేల్సు సంఘములకు ప్రత్యేకముగా తాళము వేసిరి. తక్కిన సంఘములు తమ యిష్టమున చేరవచ్చును. క్వేకర్లు 2009లోనే సిద్ధపడియుండిరి. మెథడిస్టులు 2021లో రెండు విధముల నిర్వచనమును ప్రక్కప్రక్కన నిలిపి సమ్మతించిరి.

2014 ఫిబ్రవరిలో బిషప్పులు వ్రాసిన లేఖ 1912 తీర్పు అడుగుజాడలలోనే నడచెను. స్వలింగ వివాహము చేసికొనిన విశ్వాసులను బల్ల యొద్దనుండి పంపివేయరాదు. పురోహితులు మాత్రము అట్టి వివాహము చేసికొనరాదు. ఆ యేడు ఏప్రిలులో జెరెమీ పెంబర్టన్ అను పురోహితుడు పెండ్లాడెను. ఆయన లింకన్‌షైరు ఆసుపత్రులలో రోగులకు ఆత్మీయ పరిచర్య చేయువాడు. అక్కడి బిషప్పు మందలింపు లేఖతో సరిపెట్టగా ఆ కొలువు నిలిచెను. పొరుగు నాటింగ్‌హాము పరిధిలో మరియొక ఆసుపత్రి కొలువునకు ఎంపికయ్యెను గాని అక్కడి బిషప్పు అనుమతి పత్రము నిరాకరించినందున అది చేజారెను. ఆయన న్యాయస్థానముల కెక్కెను. 2015లో ఓడెను, 2018లో అప్పీలు కోర్టును త్రోసిపుచ్చెను. చావుబ్రతుకులలోనున్న రోగి ప్రక్కన కూర్చుండి ప్రార్థించుటకు ఒక జిల్లాలో తగినవాడు, సరిహద్దు దాటగానే తగనివాడయ్యెను.

సంప్రదాయపక్షము వారిది వట్టి కాఠిన్యమనుట అన్యాయము. సృష్ట్యారంభమున స్త్రీపురుషులుగా చేయబడిరని క్రీస్తే విడాకుల ప్రశ్నకు జవాబుగా జ్ఞాపకము చేసెను. సంఘము ఏమి ప్రార్థించునో అదియే దాని విశ్వాసము గనుక, నమ్మని దానిని దీవింపజాలమని వారందురు. వారిలో తామును స్వలింగాకర్షణ గలవారమని సభలో నిలిచి చెప్పినవారు కలరు. వాక్యమునకు లోబడి జీవితమంతయు ఏకాకులుగా గడిపినవారు వారు. సంఘము మాట మార్చినచో ఆ త్యాగము వృథా యనిపించుకొనునను వారి బాధను ఎదుటిపక్షము తగినంతగా విన్నదని చెప్పలేము. ఎదుటివారి ప్రశ్నయు తేలికైనది కాదు. 1662 నాటి ప్రార్థనాగ్రంథము వివాహమునకు మూడు ప్రయోజనములు చెప్పుచు సంతానమును మొదట నిలిపెను, పరస్పర సహాయమును చివర నుంచెను. ముదిమిలో పెండ్లాడువారిని సంఘము కాదనలేదు. 1930లో సంతాననిరోధమును కొంతవరకు అంగీకరించెను. 2002లో విడాకులు పొందినవారి మరుపెండ్లికి త్రోవ విడిచెను. మొదటి దానిని ఇన్నిమార్లు సడలించినవారు, మూడవ దానితో వచ్చిన యిద్దరిని వాకిట నిలుపుట ఎట్లు?

2017లో, పాత సిద్ధాంతమును మార్పకయే మెత్తగా మాటలాడుదమను బిషప్పుల నివేదికను పురోహితుల సభ 93కు 100 ఓట్లతో త్రోసివేసెను. ఆరేండ్లకు, 2023 జనవరిలో, బిషప్పులు స్వలింగ దంపతుల కొరకు ప్రార్థనలు ప్రతిపాదించిరి. సిద్ధాంతము మారలేదనుటకు వారు చూపిన ఆధారము విచిత్రమైనది. సంఘనిబంధన చెప్పునది పరిశుద్ధ వివాహమును గూర్చి. ఇప్పటి శాసనపు పౌరవివాహము వేరు. కావున పౌరవివాహితులకొరకు ప్రార్థించినంత మాత్రమున నిబంధన చెదరదు. పదునొకండేండ్ల క్రిందట ప్రభుత్వముతో వివాహ మొక్కటేయని వాదించిన నోరే ఇప్పుడు రెండని పలికెను! దయకు దారి చేయుటకే ఆ మాట మార్చిరనుకొందము. ఐనను తాము పొందబోవు దీవెన దేనికో ఎదుట నిలిచిన దంపతులకు ఎవరును సూటిగా చెప్పలేకపోయిరి. ఫిబ్రవరిలో మూడు సభలును సమ్మతింపగా, డిశంబరు 17న ఆ ప్రార్థనలు మొదటిసారి చర్చిలలో వినబడెను. మరునాడే రోము నుండియు ఒక ప్రకటన వెలువడెను. దంపతులను దీవింపవచ్చును గాని వారి స్థితిని ధ్రువపరచినట్లుండరాదు, పెండ్లి తంతును పోలరాదు అని దాని సారము. దీవెన పది పదునైదు సెకనులకు మించనక్కరలేదని 2024 జనవరిలో వివరణ యిచ్చిరి. ఆశీర్వచనమునకు గడియారము పట్టి చూచిన కాలము ఇంతకు మున్నుండెనో లేదో!

ఈ వివాదము తెలుగు క్రైస్తవులకు బొత్తిగా పరాయిది కాదు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము ఆంగ్లికన్ కూటమిలో సభ్యురాలు. దోర్నకల్, మెదక్, కృష్ణా గోదావరి అధ్యక్షమండలములు అందులోనివే. ఆ కూటమి బిషప్పులు 1998లో లాంబెత్ సమావేశమున స్వలింగ బంధములను దీవింపరాదని 526కు 70 ఓట్లతో తీర్మానించిరి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ శాసనము క్రింద మన పాస్టరుగారును రెండుద్యోగములు చేయువారే. కాని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ధర్మాసనము వివాహహక్కును ఏకగ్రీవముగా నిరాకరించి, పౌరబంధమును ముగ్గురు ఇద్దరుగా చీలి కాదన్నందున, ఇక్కడ త్రాడు రెండు పురులును ఒకే దిక్కున నున్నవి. ఇక్కడి దంపతులకు కచ్చేరియు లేదు, గుడియు లేదు.

ఇంగ్లండులో ఆ ప్రార్థనలు నిత్యారాధన నడుమ చదువుటకే అనుమతి గలవిగా మొదలయ్యెను. ఆ దంపతుల కొరకే ప్రత్యేకారాధన జరుపుటకును, పురోహితులు స్వలింగ వివాహము చేసికొనుటకును, పూర్తి శాసనవిధానము నడిపింపవలెనని బిషప్పులు 2025 అక్టోబరులో తేల్చిరి. ప్రత్యేకారాధనకు మూడు సభలలోను మూడింట రెండు వంతుల ఓట్లు కావలెను. 2023 ఫిబ్రవరిలో ఆ ప్రార్థనలకు బిషప్పులలో 36 మంది అనుకూలురు, నలుగురు ప్రతికూలురు; పురోహితులలో 111కు 85; విశ్వాసులలో 103కు 92.