ఆటోలకు గ్యాసు: లాభమెంత, జాగ్రత్తయెంత?

కలమల్ల యనగానే క్రీ.శ. 575 నాటి ధనంజయుని తెలుగు శాసనము మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ ఊరి చెంతనే 1994 నుండి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము బొగ్గును మండించుచున్నది. ఇంధనపు విలువ ఎరిగిన సీమ మనది. అయినను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దారులలో మనలను మోయు ఆటో ఏ ఇంధనముతో నడచునో విచారించువారు మనలో అరుదు.

వాహనములకు వాడు గ్యాసు ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. ప్రొపేను సున్నకు 42 డిగ్రీల దిగువననే మరిగి వాయువగును. పీడనమునకు లోనైనచో ద్రవమై ట్యాంకులో ఇముడును. ఆ ద్రవము వేపరైజరులో వాయువుగా మారి, మిక్సరులో గాలితో కలిసి ఇంజనులో మండును. పెట్రోలుకంటె మసి తక్కువ. అయితే ఒక లీటరు గ్యాసు ఇచ్చు శక్తి పెట్రోలుకంటె సుమారు నాలుగవ వంతు తక్కువ. కావున లాభమంతయు ధరలోని తేడాయందే యున్నది. కిట్టుకు పెట్టిన సొమ్ము దినమంతయు తిరుగు అద్దె బండికి త్వరగా చేతికి వచ్చును. ఇంటి ముంగిట నిలుచు బండికి రాదు.

2000 సంవత్సరములో మోటారు వాహనముల చట్టమును సవరించి మన దేశమున ఈ ఇంధనమునకు అనుమతి నిచ్చిరి. ఆమోదము పొందిన కిట్టునే అమర్చవలెను. ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రములో నమోదు చేయించవలెను. వంటగ్యాసు సిలిండరును బండికి వాడుట నేరము.

ఈ నిషేధమునకు తగిన కారణము కలదు. 14.2 కిలోల వంట సిలిండరు నిలువుగా నుంచి పైనుండి వాయువును తీయుటకు చేసినది. పడుకోబెట్టినచో ద్రవమే వెలికి వచ్చును. వాహనపు ట్యాంకు 80 శాతము నిండగానే దాని వాల్వు మూసికొనును. వేడికి ద్రవము వ్యాకోచించుటకు మిగిలిన చోటు అవసరము. మన కడప ఎండలలో ఆ ఖాళీయే ప్రాణరక్షణ. వంట సిలిండరునుండి దొంగచాటుగా గ్యాసు నింపునపుడు ఈ రక్షణ లుప్తమగు ప్రమాదము కలదు. కారిన గ్యాసు గాలికంటె బరువైనది. పైకి పోక నేలవెంట ప్రాకి, దూరముననున్న నిప్పురవ్వను సైతము చేరగలదు.

ఆటో నడుపు సోదరుడు నాలుగు రూపాయలు మిగుల్చుకొన జూచుట తప్పు కాదు. అది అతని ఇంటి గంజికి సంబంధించినది. కాని ఆ బండిలో బడికి పోవు పిల్లలు కూర్చుందురు. వాసన సోకినచో ఇంజను ఆపించి, దిగి, దూరముగా పోవలెను. సీటు వెనుక వంట సిలిండరు కనిపించినచో ఆ బండి ఎక్కరాదు. చదువుకొన్న మనమే ఈ మాట మెల్లగా, మర్యాదగా చెప్పనిచో మరెవరు చెప్పుదురు?