పాత గిటారు పికప్: అసలు భాగాలను గుర్తించడమెలా?

ప్రవాస తెలుగు కుటుంబాలలో వీణ, వయొలిన్, మృదంగాల సరసన ఎలక్ట్రిక్ గిటారు కూడా చోటు సంపాదించుకున్నది. ఆ వాద్యంపై ఆసక్తి పెరిగినకొద్దీ యువకుల దృష్టి తంత్రుల నుంచి వాటి కింద అమర్చిన 'హంబకర్' పికప్ మీదికి మళ్ళుతుంది. 1950వ దశకం నాటి అసలు భాగాలను ఒక్కొక్కటిగా సేకరించి అటువంటి పికప్‌ను స్వయంగా నిర్మించుకోవాలన్న కోరిక కొందరికి కలుగుతుంది. అరచేతిలో ఇమిడిపోయే ఈ వస్తువుకు పాతవస్తువుల విపణిలో పలికే ధర చాలా ఎక్కువ. ధర ఉన్నచోట నకిలీ తప్పదు. విక్రేత మాటను కాక పదార్థ ధర్మాలను ప్రమాణంగా తీసుకుంటే ఎంతవరకు మోసపోకుండా ఉండవచ్చునో పరిశీలిద్దాం.

రొదకు విరుగుడు

గిటారు తంత్రి ఉక్కుతో చేసినది. దాని కింద ఉన్న అయస్కాంతం తంత్రిని కూడా కొంత అయస్కాంతీకరిస్తుంది. తంత్రి కంపించినప్పుడు తీగచుట్టలోని అయస్కాంత అభివాహం మారి, 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రం ప్రకారం విద్యుత్తు పుడుతుంది. చిక్కేమిటంటే, ఇంటి విద్యుత్ తీగల నుంచి వెలువడే క్షేత్రాన్ని కూడా ఆ చుట్ట గ్రహిస్తుంది. అమెరికాలో సెకనుకు 60, భారతదేశంలోను బ్రిటన్‌లోను 50 ఆవృత్తుల ఈ క్షేత్రమే స్పీకరులో తుమ్మెద రొదలాగా వినిపిస్తుంది.

మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో గిబ్సన్ సంస్థ ఇంజనీరు సెత్ లవర్ (1910–1997) దీనికి విరుగుడు రూపొందించాడు. ఒక చుట్టకు బదులు రెండు చుట్టలను పక్కపక్కన ఉంచి, రెండవదానిలో అయస్కాంత ధ్రువాన్ని, విద్యుత్ దిశను రెండింటినీ తారుమారు చేశాడు. తంత్రి సంకేతం రెండుసార్లు తిరగబడి మొదటి చుట్ట సంకేతంతో కలుస్తుంది. బయటి నుంచి వచ్చే రొదకు పికప్ అయస్కాంతంతో సంబంధం లేదు. అది ఒక్కసారే తిరగబడి, మొదటి చుట్టలోని రొదను రద్దు చేస్తుంది.

లవర్ 1955 జూన్ 22న పేటెంటుకు దరఖాస్తు చేయగా 1959 జూలై 28న 2,896,491 సంఖ్యతో మంజూరైంది. ఈ మధ్యకాలంలో పికప్ అడుగున 'పేటెంటుకు దరఖాస్తు చేయబడినది' అనే అర్థం గల చిన్న చీటీ అంటించేవారు. ఆ ఆంగ్ల పదాల పొడి అక్షరాలతోనే ఇవి 'పి.ఏ.ఎఫ్.' పికప్‌లుగా ప్రసిద్ధి పొందాయి. పేటెంటు వచ్చాక కూడా ఆ చీటీ 1962 ప్రాంతం వరకు కొనసాగింది. తరువాతి చీటీపై అచ్చైన 2,737,842 అనే సంఖ్య అసలు ఈ పికప్‌ది కాదు, లెస్ పాల్ పొందిన తంత్రిబంధ పరికరపు పేటెంటుది! కర్మాగారపు చీటీయే ఇంత తప్పుదారి పట్టించగా, ఎవరైనా సులభంగా అచ్చు వేయగల పాత చీటీని చూసి డబ్బు చెల్లించడం వివేకం కాదు.

ఒక్కొక్క భాగం చెప్పే సాక్ష్యం

చుట్టలకు ఆధారమైన బాబిన్లను ఆనాడు సెల్యులోజ్ అసిటేట్ బ్యూటిరేట్ అనే ప్లాస్టిక్‌తో పోతపోశారు. ఎక్కువ నల్లనివి, కొన్ని మీగడ రంగువి. ఈ పదార్థం వయసు మీరినప్పుడు, వేడి తగిలినప్పుడు బ్యూటిరిక్ ఆమ్లం వెలువడవచ్చు. చెడిపోయిన వెన్నకు ఆ ముక్క వాసన తెచ్చేది ఈ ఆమ్లమే. పాత స్క్రూడ్రైవర్ పిడుల పెట్టె తెరిచినవారికి ఈ వాసన పరిచితమే. నకిలీ బాబిన్లలో తరచు కనిపించే ఏబీఎస్ ప్లాస్టిక్‌కు ఈ వాసన ఉండదు. అయితే ఇప్పుడు కూడా బ్యూటిరేట్ బాబిన్లు తయారవుతున్నాయి కాబట్టి వాసన పదార్థాన్ని మాత్రమే చెబుతుంది, వయసును చెప్పదు. అసిటోన్ చుక్క వేసి పరీక్షించడం తగదు. అది రెండు ప్లాస్టిక్‌లనూ కరిగిస్తుంది, వస్తువూ చెడుతుంది. పరారుణ వర్ణపటంలో బ్యూటిరేట్‌కు 1740 ప్రాంతంలో ఎస్టర్ పట్టీ, ఏబీఎస్‌కు 2240 ప్రాంతంలో నైట్రైల్ పట్టీ స్పష్టంగా కనబడతాయి. వస్తువుకు హాని చేయకుండానే ఈ పరీక్ష జరపవచ్చు.

అడుగు పలక, పై మూత 'నికెల్ సిల్వర్'తో చేసినవి. మన ఇళ్ళలో జర్మన్ సిల్వర్‌గా తెలిసిన లోహం ఇదే. పేరులో వెండి ఉన్నా ఇందులో ఉన్నవి రాగి, నికెల్, జింకు మాత్రమే. 'ఇంటిపేరు కస్తూరివారు' అన్న సామెత గుర్తుకు వస్తుంది. దీని విద్యుత్ నిరోధకత ఇత్తడి కంటే చాలా ఎక్కువ. అందువల్ల మూతలో పుట్టే సుడి ప్రవాహాలు తక్కువ, హెచ్చు స్వరాల నష్టమూ తక్కువ. నికెల్ పూత పూసిన ఇత్తడి మూత పైకి ఒకేలా మెరుస్తుంది. పూత అరిగిన చోట పసుపు ఛాయ కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది.

అయస్కాంతం ఆల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుముల మిశ్రమం. ఆనాటి పికప్‌లలో రెండవ రకం నుంచి అయిదవ రకం వరకు కనబడతాయి. ఎక్స్-కిరణ ప్రతిదీప్తి పరీక్షలో కోబాల్ట్ శాతమే రకాన్ని పట్టిస్తుంది. అయిదవ రకంలో సుమారు 24, రెండవ రకంలో 12–13, నాలుగవ రకంలో 5 శాతం ఉంటుంది. మూడవ రకంలో, పేరుకు విరుద్ధంగా, కోబాల్ట్ లేదు. ఉపరితల క్షేత్రబలాన్ని కొలిచి రకం నిర్ణయించడం పొరపాటు. బలం తగ్గిన అయిదవ రకం రెండవ రకంలా కనిపించవచ్చు.

తీగ 42 గేజి రాగి. వ్యాసం సుమారు 0.063 మిల్లీమీటర్లు. చుట్టకు సుమారు 5,000 చుట్లు, అంటే దాదాపు 700 మీటర్లు. దానిపై ఉన్న సాధారణ ఎనామెల్ ముదురు గోధుమ, ఊదా కలిసిన ఛాయలో ఉంటుంది. దానిని గీకి తీస్తేనే సోల్డర్ అంటుతుంది. తరువాత వచ్చిన పాలియురెథేన్ పూత సోల్డరింగ్ వేడికే తొలగిపోతుంది.

రెండు చుట్టలు కలిసి సాధారణంగా 7 నుంచి 9 కిలో ఓముల నిరోధం చూపుతాయి. విక్రేతలు ఈ అంకెను గొప్పగా చెబుతారు గాని ఉష్ణోగ్రత చెప్పరు. రాగి నిరోధం ఒక్కొక్క సెల్సియస్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 7,500 ఓములున్న పికప్ 35 డిగ్రీల వద్ద సుమారు 7,940 ఓములు చూపుతుంది. చలికాలపు కొలతను ఎండాకాలపు కొలతతో పోల్చి ఒకటి 'బలమైనది' అనుకోవడంలో అర్థం లేదు.

ఎక్కడ వెదకాలి?

గిబ్సన్ పాత 'పి-90' పికప్‌లలో ఇదే తరహా దండాయస్కాంతాలు ఉండేవి. తొలి హంబకర్లలో వాడినవి కూడా అవే. కాబట్టి చెడిపోయిన పి-90 ఒక మంచి ఆధారం. స్క్రూలు, ఉక్కు దిమ్మలు, మేపుల్ చెక్కముక్క వంటివి పూర్తిగా పాడైన పికప్‌ల నుంచి విడిగా దొరకవచ్చు. కొనేముందు విడి భాగాల రెండు వైపుల ఛాయాచిత్రాలు, అవి ఏ వాద్యం నుంచి తీసినవో తెలిపే రాతపూర్వక వివరణ అడగాలి.

మోగని పికప్ అంతా మృతి చెందినట్లు భావించరాదు. నిరోధం అనంతంగా చూపితే తీగ ఎక్కడో తెగిందన్న మాట. చాలాసార్లు ఆ తెగుదల చుట్ట కొనల వద్ద, బయటి తీగతో అతికిన చోటే ఉంటుంది. నిదానంగా చూసి అతికితే అసలు చుట్ట బతుకుతుంది. తొందరపడి విప్పివేస్తే ఆనాటి చుట్ల లెక్క శాశ్వతంగా నశిస్తుంది. ఆనాడు రెండు చుట్టల లెక్క ఎప్పుడూ సమానంగా ఉండేది కాదు, ఆ వ్యత్యాసం కూడా వాటి నాదంలో భాగమే. అందుచేత పనిచేస్తున్న అసలు పికప్‌ను భాగాల కోసం విప్పడం పాత గ్రంథాన్ని కాగితాల కోసం చించడం వంటిది.

పాత భాగాలతో కొత్తగా కూర్చిన పికప్ నాదం ఎంత మధురంగా ఉన్నా అది 1957 నాటిది కాదు. మూత బిగించేముందు ఏ భాగం పాతది, ఏది కొత్తది, ఏ సంవత్సరంలో కూర్చినది అనే వివరం చిన్న కాగితంపై రాసి లోపల ఉంచడం నిర్మాత ధర్మం. గిటారు చేతులు మారవచ్చు, నిర్మించినవారి జ్ఞాపకం చెరిగిపోవచ్చు. ఆ కాగితం ఉన్నంతకాలం ఈ పికప్ మరొకరిని మోసగించే సాధనం కాకుండా ఉంటుంది.