అశ్వశక్తియు టార్కును: వైట్ టౌన్ వీధులలో ఇంజను పరిచయము

పుదుచ్చేరి నగరమున కాలువకు తూర్పుగా సముద్రతీరము వరకు వ్యాపించియున్న వైట్ టౌన్‌లో వీధులు చాలవరకు దారము పట్టి గీచినట్లు తిన్నగా సాగి, ఒకదానినొకటి సమకోణముగా ఖండించుకొనుచుండును. ద్యుమా వీధి, సుఫ్రెన్ వీధి, రోమా రోలా వీధి, బొబ్బిలి యుద్ధగాథ వలన తెలుగువారందరు నెరిగిన బుస్సీ పేరిటి వీధి, వీనిలో దేనియందు ప్రవేశించినను కొలది దూరములోనే మఱియొక కూడలి యెదురగును. కూడలి వచ్చినప్పుడెల్ల వేగము తగ్గించి, రెండవ గేరునకు దిగి, పాదచారులను సైకిళ్లను దాటనిచ్చి మరల కదలవలయును. ఇట్టి పట్టున కారు నడపువానికి ఇంజను యొక్క ఏ గుణము మిక్కిలి యుపకరించును? ప్రకటనలలో పెద్ద యక్షరములతో ముద్రింపబడు అశ్వశక్తి మాత్రము కాదని నా నిశ్చితాభిప్రాయము. అది యేలయో తెలియుటకు ఇంజను లోపలి సంగతి కొంత యెరుగవలయును.

మొదటిది సి.సి. సిలిండరులో పిస్టను ఒక కొన నుండి మఱియొక కొనకు కదలునప్పుడు ఆక్రమించు ఘనపరిమాణమును ఘన సెంటీమీటర్లలో తెలుపు లెక్క యిది. 1983 డిసెంబరులో వెలువడి మన మధ్యతరగతి కుటుంబముల నెన్నింటినో తొలిసారిగా కారెక్కించిన మారుతి 800ను తీసికొందము. మెకానిక్కులు బోరు అనెడి సిలిండరు వ్యాసము 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు అనెడి పిస్టను కదలిక 72 మిల్లీమీటర్లు. ఒక్క సిలిండరునకు సుమారు 265 ఘన సెంటీమీటర్లు వచ్చును. సిలిండర్లు మూడు గనుక మొత్తము 796. పేరులోని 800 ఈ సంఖ్యనుండి వచ్చినదే. సి.సి. పెరిగినకొలది ఇంజను ఒక్కొక్క మారు ఎక్కువ గాలిని, ఎక్కువ పెట్రోలును గ్రహింపగలదు. అంతియే గాని సి.సి. తనంత తాను బలమును గాని వేగమును గాని చెప్పదు.

గాలిని పీల్చుట, అదుముట, మండించుట, పొగను విడుచుట అను నాలుగు క్రియల క్రమమును 1862లో బో ద రోషా అను ఫ్రెంచి యింజనీరు శాస్త్రీయముగా వివరింపగా, 1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఆటో దానిని పనిచేయు యంత్రముగా నిర్మించెను. ఈ నాలుగు క్రియలు ముగియుటకు క్రాంకు షాఫ్టు రెండు మారులు తిరుగును. కారు ముందరి మీటరులో ముల్లు 3000 ఆర్.పి.ఎం. చూపుచున్న దనగా షాఫ్టు నిమిషమునకు మూడువేల మారులు తిరుగుచున్నదనియు, ఒక్కొక్క సిలిండరులో సెకనునకు ఇరువదియైదు మారులు ఇంధనము మండుచున్నదనియు అర్థము.

మండిన వాయువుల పోటు పిస్టను మీద పడి, కనెక్టింగు రాడ్డు ద్వారా షాఫ్టును త్రిప్పును. ఈ త్రిప్పు బలమే టార్కు. తిరగలి పిడి నడిమికి దూరముగా నున్నప్పుడు కొద్దిపాటి చేతిబలముతోనే రాయి తిరుగును గదా. బలమును, ఆ దూరమును గుణించిన వచ్చునదే ఇక్కడి లెక్క. మీటరు పొడవు గల కమ్మి కొనకు రమారమి పది కిలోల బరువు వ్రేలాడదీసినచో ఇరుసుపై నూరు న్యూటన్ మీటర్ల టార్కు పడును. 1821 ప్రాంతమున ప్రోనీ అను మఱియొక ఫ్రెంచి విద్వాంసుడు దీనిని కొలుచుటకు చేసిన యుపాయము కడు సరళమైనది: తిరుగుచున్న ఇరుసునకు రెండు కొయ్యదిమ్మలను ఇరువైపుల బిగించి, వానికొక పొడవైన కమ్మిని తగిలించి, దిమ్మలు ఇరుసుతో కూడ తిరిగిపోకుండ ఆపుటకు కమ్మి కొనను ఎంత బరువు వేయవలసి వచ్చెనో చూచుటయే. అశ్వశక్తిని తెలుపు బి.హెచ్.పి. (బ్రేక్ హార్స్ పవర్) అను మాటలోని మొదటి యక్షరము ఇట్టి బ్రేకునే సూచించును. నిత్యవ్యవహారమున మనవారు 'బండి బాగా లాగుతోంది' అని మెచ్చుకొనునది చాలవరకు ఈ టార్కునే.

ఇక అశ్వశక్తి. ఎంత పని యనుట గాక, ఎంత త్వరగా పని యనుట దీని విషయము. 75 కిలోల బరువును సెకనునకు మీటరు ఎత్తు లేపగలిగినచో అది ఫ్రాన్సు, జర్మనీలలో వాడుకయైన మెట్రిక్ అశ్వశక్తి, 735.5 వాట్లు. జేమ్స్ వాట్ నిర్ణయించిన ఇంగ్లీషు లెక్క 745.7 వాట్లు. మన ప్రకటనలలో పి.ఎస్. అని కనబడునది మెట్రిక్ లెక్కయే గనుక, బి.హెచ్.పి.తో పోల్చునప్పుడు ఈ స్వల్పభేదమును గుర్తుంచుకొనవలయును. సిత్రోయెన్ కంపెనీవారు 1948లో ప్రదర్శించిన 2సీవీ కారు పేరులోని రెండు పన్ను కొరకు వేసిన అశ్వముల లెక్క. నిజమైన శక్తి తొమ్మిది వరకుండెను!

టార్కును ఆర్.పి.ఎం.తో గుణించి 9549తో భాగించిన కిలోవాట్లు వచ్చును. కార్బ్యురేటరు గల మారుతి 800 ఇంజను 5000 ఆర్.పి.ఎం. వద్ద 37 బి.హెచ్.పి. నిచ్చును, దాని గరిష్ఠ టార్కు 59 న్యూటన్ మీటర్లు, 2500 వద్ద. ఈ 2500 వద్ద శక్తి యెంతయో లెక్కించి చూడుడు: 21 బి.హెచ్.పి. కంటె మించదు. 5000 వద్ద టార్కు 53కు తగ్గియుండును గాని, భ్రమణవేగము రెట్టింపగుటచే శక్తి పెరిగినది. అనగా ప్రకటనలోని 37 అను సంఖ్య ఇంజను గొంతెత్తి యరచుచున్న వేళ మాత్రమే మనకు దక్కును. ద్యుమా వీధిలో అట్లు నడపువారుందురా?

యానాము నుండి పుదుచ్చేరికి జాతీయ రహదారిపై వచ్చు తెలుగువారి సంగతి వేఱు. గాలి యెదురుబలము వేగము యొక్క వర్గముతో పెరుగును, దానిని త్రోసికొనిపోవుటకు వలయు శక్తి ఘనముతో పెరుగును. యాబది కిలోమీటర్ల వేగమున నున్న కారు నూరు కందుకొన్నచో గాలి నిమిత్తము ఖర్చగు శక్తి ఎనిమిది రెట్లగును. అచ్చట, లారీని దాటవలసిన క్షణమున, అశ్వశక్తియే శరణ్యము.

ఇటీవలి చిన్న టర్బో యింజనుల విషయమున ఒక్క హెచ్చరిక. పొగగొట్టమునకు పోవు వాయువులతో చిన్న చక్రమును త్రిప్పి, దానిచే అధికముగ గాలిని సిలిండర్లలోనికి నెట్టుట టర్బో పని. కాని ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు ఆ వాయువులు చాలవు గనుక, ఆక్సిలరేటరు త్రొక్కినను కొంతసేపు లాగుదల కనబడదు. కూడలి కూడలికి ఆగి కదలు వీధులలో ఈ లోపము స్పష్టముగ తెలియును.

కావున కారు కొనబోవు పాఠకులు అశ్వశక్తి యెంత యని యడిగి యూరకుండక, టార్కు యెంత, అది ఏ ఆర్.పి.ఎం. వద్ద లభించును అని తప్పక యడుగవలయును. పరీక్షార్థము నడుపునప్పుడు రెండవ గేరులో ఇరువది కిలోమీటర్ల వేగమున పోవుచు ఆక్సిలరేటరును మెల్లగా నొక్కి, బండి వెంటనే లాగుచున్నదో లేదో స్వయముగ చూచికొనవలయును. పట్టణవాసికి రెండువేల ఆర్.పి.ఎం. లోపుననే టార్కు నందించు ఇంజనే మేలైనది.