కడుపుకోతకు మాత్ర ఏది?

అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీవిజయపురం) సెల్యులర్ జైలుకు ఒకప్పుడు ఏడు విభాగాలు. ఇప్పుడు మిగిలినవి మూడే. కూల్చేసిన చోట 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వెలిసింది. ఖైదీలు కేకలు పెట్టిన నేల మీద రోగుల మంచాలు వేశారన్నమాట!

అలీపూర్ బాంబు కేసులో శిక్షపడి ఆ జైలుకు వచ్చిన విప్లవకారుడు ఉల్లాస్‌కర్ దత్‌కు 1912లో బేడీలతో నిలబెట్టే శిక్ష వేశారు. ఒళ్లు కాలే జ్వరం, మూర్ఛలు, లేనివి కనిపించడం, లేని మాటలు వినిపించడం మొదలయ్యాయి. ఒంట్లోకి కరెంటు పంపారని ఆయనే తరవాత రాసుకున్నారు. చివరికి మద్రాసు పిచ్చాసుపత్రికి తరలించారు. ఇందులో ఒంటి జబ్బెంత, మనసు గాయమెంత? తూకం వేసి చెప్పగలవారెవరు?

నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 1979లోనే దాన్ని శరీరానికీ మనసుకూ కలిపి కలిగే అనుభవంగా నిర్వచించింది.

మన భాషకు ఈ సంగతి ఏనాడో తెలుసు. కడుపు కాలిందంటాం, గుండె చెరువైందంటాం, బిడ్డ పోతే కడుపుకోత అంటాం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. వాళ్లలో ఒకామె "కడుపు రగిలిపోతోంది" అంటే, ఎవరో దాన్ని హిందీలోకి మార్చి డాక్టరుకు చెబితే, చేతికొచ్చేది బహుశా గ్యాస్ మాత్రే!

2004 డిసెంబరు 26 సునామీ తరవాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు ఈ ద్వీపాలకు వచ్చారు. మొదటి మూడు నెలల్లో 12,784 మందిని పరిశీలించారు. ఊరు విడిచి శిబిరాలకు చేరినవారిలో 5.2 శాతానికి, ఉన్నచోటే ఉండిపోయినవారిలో 2.8 శాతానికి మానసిక సమస్యలు కనిపించాయి. శిబిరాల్లో ఎక్కువగా ఉన్నవి ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, ఆందోళన, ఒంటి బాధలు. ఉన్నచోటే ఉన్నవారిలో మాత్రం మారిన బతుకుకు సర్దుకోలేకపోవడం ఎక్కువ. కుంగుబాటు రెండు వర్గాల్లోనూ ఒకే తీరు. ఇల్లు పోగొట్టుకున్న బాధ ఒంటి నొప్పై డాక్టరు దగ్గరికి వచ్చిందేమో అనిపిస్తుంది నాకు.

అంత ప్రళయంలోనూ ఇక్కడి ఆదివాసులైన నికోబారీల ఉమ్మడి కుటుంబాలు గట్టిగా తట్టుకున్నాయని ఆ వైద్యులే గమనించారు. కార్ నికోబార్ ద్వీపంలో అలాంటి ఉమ్మడి కుటుంబాన్ని తుహేత్ అంటారు. కొబ్బరితోటలు ఒక్కరివి కావు, తుహేత్ మొత్తానివి.