ఒకటే కాలువ, విడవలూరులో ఒక తీరు, మద్రాసులో ఇంకో తీరు

"అర్బన్ రీజెనరేషన్" అనే మాట వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి గాజు అద్దాల బిల్డింగులు, లైట్లు చుట్టిన ఫ్లైఓవర్లు, స్మార్ట్ సిటీ పోస్టర్లు. తెలుగులో నగర పునరుజ్జీవనం అనుకుందాం. ఆ మాట మీద జరిగే పరిశోధన చాలావరకు ఒక ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఊళ్ళో పాతబడిపోయినదాన్ని ఏం చెయ్యాలి? కూల్చెయ్యాలా, కప్పెట్టాలా, బాగుచేసి వాడుకోవాలా? ఈ ప్రశ్నకి ఉదాహరణ కోసం లండన్ దాకా పోనక్కర్లేదు. మా నెల్లూరు జిల్లా తీరం వెంబడే ఒకటుంది, పేరు బకింగ్‌హాం కాలువ.

విడవలూరు తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. పెన్నకి ఉత్తరపు గట్టున, నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న మండలం. వరి, రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు, రామతీర్థం గుడి, బీచి. ఈ తీరానికి సమాంతరంగా పోయే కాలువే దక్షిణాన మద్రాసు నడిబొడ్డులో కూడా ఉంది. అక్కడ జనం ముక్కు మూసుకుని దాటుతారు.

1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు ఒక ప్రైవేటు కాలువగా ఇది మొదలైంది. తవ్వించినాయన బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి. తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి, ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెరిగి, కృష్ణా డెల్టా కాలవల్తో కలిసింది. మన పెద్దవాళ్ళు ధాత కరువు అనే 1876–78 కరువులో జనానికి కూలి పని చూపించడం కోసం మద్రాసు ఊళ్ళో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్కని తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు, ఆయన పేరే కాలువకి పెట్టారు. అంటే తవ్వినవాళ్ళు ఆకలితో ఉన్నవాళ్ళు, పేరు మాత్రం డ్యూకుది. దశాబ్దాల పాటు బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల మీద మద్రాసుకి దీన్లోనే పోయాయి. రైలు వచ్చింది, లారీలు వచ్చాయి, తుపాన్లు గట్లని దెబ్బతీశాయి. పడవలు ఆగిపోయాయి.

పడవలు ఆగిపోగానే కాలువ "పనికిరానిది" అయిపోయింది. అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది.

మన తీరంలో నదులన్నీ పడమట నుంచి తూర్పుకి పోతాయి. ఈ కాలువ వాటికి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. ఒక నది మొగ దగ్గర ఇసుక మేట వేసి మూసుకుపోతే నీళ్ళు పక్కకి జరిగి ఇంకో మొగ వెతుక్కోవడానికి ఇదొక దారి. వానాకాలంలో పొలాల నీళ్ళు చేరే మురుగు కాలువ కూడా ఇదే. ఈ పనులు చెయ్యడానికి పడవలు తిరగాల్సిన అవసరం లేదు. ఎవరూ జీతం ఇవ్వరు కాబట్టి ఎవరికీ ఈ పని కనపడదు, అంతే.

2004 డిసెంబరు 26న మాత్రం కనపడింది. సునామీ తర్వాత బి. రామలింగేశ్వరరావు అనే శాస్త్రవేత్త "కరెంట్ సైన్స్" పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. ఆంధ్ర తీరంలో బకింగ్‌హాం కాలువ జనాన్ని కాపాడింది అన్నది దాని సారం. ఒడ్డు దాటి వచ్చిన అల నీరు కాలువలో నిండి, మళ్ళీ సముద్రంలోకి తగ్గిపోయింది. నాగపట్నంలో లేచినంత అల మన దగ్గర లేవలేదన్నది కూడా కలిపి చదవాలి. లేకపోతే మొత్తం ఘనత కాలువకే కట్టబెట్టినట్టవుతుంది. ఐనా, పనికిరానిదని రికార్డుల్లో పడి ఉన్న ఒక గుంత అలని కొంత మింగిందంటే సివిల్ వాళ్ళం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి కదా.

ఇప్పుడు అదే కాలువ మద్రాసులో ఏమైందో చూడండి. ఊరికి రైలు కావాలి. భూమి కొంటే ఖర్చు, కోర్టు కేసులు. కాలువ ఐతే ప్రభుత్వానిదే, "ఖాళీగా" ఉంది. అందుకని ఎం.ఆర్.టి.ఎస్. రైలు స్తంభాలు చాలా దూరం కాలువ గర్భంలోనే లేచాయి. 1995లో చేపాక్ దాకా, 1997లో తిరుమయిలై దాకా, 2007లో వేళచ్చేరి దాకా రైలొచ్చింది. ప్రజా రవాణా మంచిదే, నేనూ ఆ రైలెక్కాను. కానీ స్టేషన్లు, స్తంభాలు నిలబడ్డచోట కాలువ సన్నబడింది. 2015 డిసెంబరు వరదకి ఇదొక్కటే కారణమంటే అబద్ధం. చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీళ్ళున్నాయి, అడయారు గట్ల మీద కట్టడాలున్నాయి, కుంచించుకుపోయిన పళ్ళికరణై చిత్తడి నేల ఉంది. ఐతే ఆ చిత్తడి నేల నీళ్ళు దిగాల్సింది కూడా చివరికి ఈ కాలువలోకే.

ఈ గొడవని వందేళ్ళ ముందే పసిగట్టిన మనిషి ఒకాయన మద్రాసు వచ్చారు. పేరు పాట్రిక్ గెడ్డీస్. స్కాట్లండు ఆయన, చదివింది జీవశాస్త్రం. 1914లో నగర నిర్మాణం మీద తన ప్రదర్శన సామగ్రిని ఓడలో పంపితే, మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఆ ఎమ్డెన్ యుద్ధనౌకే దాన్నీ ముంచేసింది. స్నేహితులు మళ్ళీ పటాలు పోగుచేసి పంపారు, 1915 మొదట్లో మద్రాసులో ప్రదర్శన జరిగింది. ఆయన ఈ ప్రెసిడెన్సీ ఊళ్ళు తిరిగి రిపోర్టులు రాశారు. ఇంజనీర్లు స్కేలు పెట్టి ఇరుకు పేటల మధ్య తిన్నని రోడ్లు గీస్తుంటే ఆయన కాలినడకన సందు సందూ తిరిగేవారు. ఏ ఇల్లు పాడుబడింది, ఏ చెట్టు కింద జనం కూచుంటారు, ఏ బావి వాడుకలో ఉంది అని రాసుకుని, తప్పనిసరైన చోట మాత్రం కొంచెం కొట్టేసి, మిగతాది బాగుచెయ్యమనేవారు. శరీరాన్ని కోయడంలో డాక్టరు చూపించే పొదుపు అనుకోండి. దోమల భయంతో చెరువులు పూడ్చెయ్యాలనే అధికారులకి ఆయన చెప్పిన మందు ఏంటో తెలుసా? చేపల్ని, బాతుల్ని పెంచండి, అవి దోమ పిల్లల్ని తింటాయి అని. నాకు ఆయన్లో బాగా నచ్చింది ఇదే.

కప్పెట్టినదాన్ని మళ్ళీ తవ్వి తీసిన ఊరు కూడా ఉంది. కొరియాలోని సియోల్‌లో చొంగ్గెచొన్ అనే వాగు మీద ఎలివేటెడ్ హైవే ఉండేది. 2003 నుంచి 2005 లోపు దాన్ని కూల్చి, 5.8 కిలోమీటర్ల వాగుని బయటికి తెచ్చారు. పక్క రోడ్లకంటే వాగు వెంట వేసవిలో వేడి తగ్గిందని కొలతలు చెప్పాయి. ప్రతి ప్లానింగు కోర్సులోనూ ఈ ఫోటో చూపిస్తారు. చూపించనివి రెండున్నాయి. ఆ వాగులో నీళ్ళు చాలావరకు హాన్ నది నుంచి పంపుల్తో తోడి పోస్తున్నవి. ఇక అక్కడ చిన్న దుకాణాలు పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఇంకెక్కడికో పోవాల్సి వచ్చింది.

ఈ రెండోదే మన దగ్గర పెద్ద ప్రశ్న. మద్రాసులో కాలువ, నదుల ఒడ్డున ఉన్న పేదల్ని "పునరుద్ధరణ" పేరుతో కన్నగి నగర్, పెరుంబాక్కం లాంటి ఊరి చివరి కాలనీలకి తరలించారు. పనేమో ఊళ్ళో, ఇల్లేమో చివర. తెల్లవారుజామున పనెక్కాల్సిన పారిశుద్ధ్య కార్మికులకి ఆ దూరం అంటే ఏంటో లెక్కేసుకోండి. ఆ నగరాన్ని ఊడ్చేవాళ్ళలో ఎంతోమంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళని మనలో ఎంతమందికి తెలుసు? నీళ్ళు శుభ్రమై, ఆ నీళ్ళ పక్కన బతికినవాళ్ళు మాయమైతే ఎవరి ఊరు బాగుపడినట్టు?

విడవలూరు వైపు ఈ ప్రశ్నలు ఇంకా ముదరలేదు, కానీ ఎంతో దూరంలోనూ లేవు. దక్షిణాన కృష్ణపట్నం ఓడరేవు, ఉత్తరాన రామాయపట్నం ఓడరేవు, మధ్యలో మేము. 2008లో ఈ కాలువని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. బీచి దగ్గర రిసార్టు, గట్టు మీద రోడ్డు, పొలంలో ప్లాట్లు అనే ముచ్చట్లు టీకొట్లలో వింటూనే ఉంటాం. అవేవీ వద్దనడం లేదు. రొయ్యల గుంటల మురికి నీళ్ళు ఎటు పోతున్నాయో, గట్టు ఎక్కడ తెగి ఉందో, ఎక్కడ పూడిపోయిందో తెలియకుండా డి.పి.ఆర్. రాస్తే ఏమవుతుందో మద్రాసు చూపించింది. ఆ డి.పి.ఆర్.లు రాసేది ఇంకో ఐదేళ్ళలో మనలాంటివాళ్ళే.

ఫైనలియర్ ప్రాజెక్టు వెతుక్కుంటున్నవాళ్ళకి ఒక ఐడియా ఇస్తా, ఫ్రీగా. కాలువ మీద ఓ పది చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒకసారి ఏప్రిల్‌లో, ఒకసారి నవంబరు వానల్లో వెళ్ళి అవే చోట్ల వెడల్పు, లోతు, ఉప్పుదనం కొలవండి. పోటు, పాటు సమయం రాసుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే కొలతలకి అర్థం ఉండదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసిన పెద్దవాళ్ళు ఆ ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించమనండి, ఆ ఎత్తు కూడా మీ షీటులో ఒక కాలం.